తెరమీది ఊరు – నేలమీది ఊళ్లు

"ఊరు" అను మాటకు అక్షరములు రెండే. కాని ఆ రెండక్షరములలో మనకు రెండు ఊళ్లు కలవు. మొదటిది నేలమీద ఉన్నది. దానికి పొలిమేరలు, పన్నులు, మురుగు కాలువలు, గట్టు తగవులు, అప్పుల పత్రములు ఉన్నవి. రెండవది మనస్సులో ఉన్నది. అందులో రావిచెట్టు ఎల్లప్పుడును పచ్చగానే ఉండును. కాలువ ఎల్లప్పుడును నిండుగానే పారును. పొరుగువాడు ఎల్లప్పుడును నవ్వుచునే పలుకరించును. ఊరు విడిచి హైదరాబాదులోనో, అమెరికాలోనో కాపురముండువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది ఈ రెండవ ఊరే. కథకులును, నాటక కర్తలును, సినిమా వారును, తుదకు టెలివిజను వారును ఆ రెండవ ఊరినే తీసికొని, దానికి ఇండ్లు కట్టి, వీధులు వేసి, మనకు చూపిరి. చూచి మనము మురిసితిమి. మురియుటలో తప్పులేదు. అయితే చూడగా చూడగా రెండవ ఊరే అసలైనదనియు, మనము నిలిచియున్న ఊరు దాని శిథిలమనియు తోచుట మొదలైనది. "ఆ రోజులే రోజులు" అను మాట అట్లే పుట్టినది.

ఈ వ్యాసమున తెనాలి, బాపట్ల, రేపల్లె అను మూడు పట్టణముల చరిత్రను ఆ తెరమీది ఊరి ప్రక్కన ఉంచి, పోలిక యెక్కడ, భేదమెక్కడ అని విచారింపదలచితిని. రజతోత్సవ సంచికలో ఈ విచారణ యెందులకని ఎవరైన అడుగవచ్చును. గ్రంథాలయము ఊరి జ్ఞాపకమునకు భాండాగారము. భాండాగారములో ఏమున్నదో, ఏమి లేదో అప్పుడప్పుడు తలుపు తెరచి చూచుకొనుట సభ్యుల ధర్మము. ఇరువదియైదేండ్ల పండుగ అందులకు తగిన సమయము.

మొదట లోకము సంగతి చూతము. అమెరికా దేశమున 1960 నుండి 1968 వరకు "ఆండీ గ్రిఫిత్ షో" అను టెలివిజను కథావళి నడచినది. మొత్తము 249 భాగములు. అందు మేబెరీ అను చిన్న పట్టణము కలదు. దాని పోలీసు అధికారి తుపాకి ధరింపడు. నేరస్థులకంటె త్రాగి వచ్చి తనంతట తానే జైలు గదిలో పరుండువాడే అక్కడ ఎక్కువ. ఆ పట్టణము భూమిమీద ఎక్కడను లేదు. కాలిఫోర్నియాలో స్టూడియో వారి స్థలమున కట్టిన వీధులే మేబెరీ. కాని కథానాయకుడైన ఆండీ గ్రిఫిత్ పుట్టిన ఊరు ఉత్తర కరొలినా రాష్ట్రమున మౌంట్ ఎయిరీ అను పట్టణము. అచ్చటి వారు 1990 నుండి ఏటేట "మేబెరీ దినములు" అను ఉత్సవము జరుపుచున్నారు. బట్టల మిల్లులు మూతపడి, పనులు పోయిన కాలమున ఆ పట్టణమునకు ఈ పేరే కొంత జీవనాధారమైనది. అనగా నిజమైన ఊరు కల్పిత మైన ఊరి వేషము వేసికొని బ్రతుకుచున్నది! నవ్వుకొనవలసిన విషయము కాదు, ఆలోచింపవలసినది. ఆ కథావళి నడచిన ఎనిమిదేండ్లలోనే అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారు ఓటు కొరకు, ఒకే బల్లపై కూర్చుండి భోజనము చేయు హక్కు కొరకు పోరాడుచుండిరి. మేబెరీ వీధులలో ఆ పోరాటపు చప్పుడు వినబడదు.

మన దేశమున దీనికి సాటి మాల్గుడి. ఆర్. కె. నారాయణ్ గారు 1935లో వెలువడిన తమ తొలి నవలలో ఆ ఊరిని సృష్టించిరి. 1980వ దశకము రెండవ సగమున శంకర్ నాగ్ గారు దూరదర్శను కొరకు "మాల్గుడి డేస్" తీసినపుడు కర్ణాటకములోని ఆగుంబె గ్రామము మాల్గుడి యైనది. ఆ ప్రాంతమందలి అరసాళు అను చిన్న రైలు స్టేషనులో నేడు మాల్గుడి పేర ప్రదర్శనశాల కూడ ఉన్నది. తమిళదేశపు వాసనగల ఊరిని కన్నడదేశములో హిందీభాషలో తీయగా, తెలుగువారు చూచి "ఇది మా ఊరే" అనుకొనిరి. ఎందుచేత? అందరి మనస్సులలోని రెండవ ఊరు ఒక్కటే గనుక.

మనకు మరింత దగ్గర ఉదాహరణము అమరావతి. సత్యం శంకరమంచి గారు (1937–1987) తమ స్వగ్రామమును గూర్చి నూరు కథలు వ్రాసిరి. ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు గారి బొమ్మలతో వెలువడిన ఆ "అమరావతి కథలు" రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందినవి. తరువాత శ్యామ్ బెనెగల్ గారు వాటిని 1990వ దశకమున దూరదర్శనుకు హిందీలో తీసిరి. అప్పటి గుంటూరు జిల్లాలోని ఒక కృష్ణాతీర గ్రామము ఆ విధముగా దేశమంతటి ఇండ్లలోనికి వెళ్లినది. ఆ కథలలో ఆకలి ఉన్నది, కపటము ఉన్నది, కులభేదము ఉన్నది. కాని చదివినవారి మనస్సులో ఎక్కువగా నిలిచినది నది ఒడ్డు, గుడి, ప్రసాదము. రచయిత చెప్పినదంతయు మనము గైకొనలేదు. మనకు కావలసినది మాత్రము ఏరుకొంటిమి. తప్పు పుస్తకములో లేదు, ఏరుకొను చేతిలో ఉన్నది.

ఇక మన మూడు పట్టణములకు వత్తము. ముందుగా రేపల్లె.

ఆదర్శ గ్రామమును తెరమీద చూచుట నిన్న మొన్నటి ముచ్చట. తెలుగువానికి ఆదర్శ గ్రామము అంతకు కొన్ని వందల యేండ్ల ముందే కలదు. దాని పేరే రేపల్లె. శ్రీకృష్ణుడు పెరిగిన గొల్లపల్లెను పోతనామాత్యుడు వ్రేపల్లె అనెను. పాలకుండలు, వెన్నముద్దలు, యశోద కోపము, పొరుగిండ్ల గోపికల ఫిర్యాదులు: ఇంతకంటె తీయని ఊరు మన సాహిత్యమున లేదు. హరికథలలో, యక్షగానములలో, భజనలలో తరతరములుగా ఆ ఊరు నడచుచునే ఉన్నది. కృష్ణానది కడలి చేరు తావున ఉన్న మన రేపల్లెకు అదే పేరు. పేరులోనే కల గల ఊరది.

కాని నేలమీది రేపల్లె సీమ చరిత్ర వేరు రుచి గలది. రేపల్లెకు దక్షిణమున నిజాంపట్నము ఉన్నది. నేడు చేపల పడవల రేవు. 17వ శతాబ్ది ఆరంభమున అది లోకమెరిగిన రేవు. 1606లో డచ్చివారు అచ్చట వర్తకము మొదలిడిరి. 1611లో ఆంగ్లేయుల "గ్లోబ్" అను ఓడ అచ్చటికి వచ్చినది. మచిలీపట్నము వెళ్లుటకు ముందే వారు ఆ రేవున దిగిరి. ఆనాటి ఐరోపావారి కాగితములలో ఆ రేవు పేరు పెటపోలి. మన నేతగాండ్రు నేసిన బట్టలు, మన చిరివేరుతో ఎరుపెక్కిన అద్దకములు ఆ రేవునుండి తూర్పు దీవులకు పోయినవి. కావున "మన చిన్న ఊళ్లు పూర్వము బయటి ప్రపంచపు గాలి సోకక ప్రశాంతముగా ఉండెడివి" అనుట చరిత్రకు నిలువదు. నాలుగు వందల యేండ్ల క్రిందటనే ఈ తీరపు నేతగాని కూలి, దూరదేశపు సంత ధరతో ముడిపడి యుండెను.

రేపల్లెకు రైలు 1916లో వచ్చినది. మద్రాసు, దక్షిణ మహారాష్ట్ర రైల్వే వారు గుంటూరు నుండి తెనాలి మీదుగా రేపల్లె వరకు దారి వేసిరి. రైలు అక్కడితో ఆగిపోవును. ఆ పైన నది, నది కావల దివిసీమ. పెనుమూడి వద్ద వంతెన లేని కాలమున ఆవలి యొడ్డునకు పోవలెనన్న పడవయే దిక్కు. కడపటి స్టేషను గల ఊరికి ఒక ప్రత్యేకత కలదు: అక్కడ దిగినవారందరు ఆ ఊరికో, ఆ చుట్టుప్రక్కలకో వచ్చినవారే, దాటిపోవువారెవరును ఉండరు. తెరమీది ఊళ్లలో కూడ రైలు స్టేషను ఇట్లే ఉండును. ఆ సంగతిలో మాత్రము రేపల్లె చిత్రమునకు సరిపోవుచున్నది.

తెనాలికి "ఆంధ్రా ప్యారిస్" అని బిరుదు. పట్టణము నడుమ మూడు కాలువలు పారుట చేతను, నాటకములు, సాహిత్యము, అలంకారప్రీతి గల ఊరగుట చేతను ఆ పేరు వచ్చినదందురు. ప్యారిసు నగరమున సేను నది పారుచుండగా, తెనాలిలో కాలువలు పారుచున్నవి. పోలిక బాగున్నది. కాని ఈ కాలువలు ఎట్లు వచ్చినవి? అలంకారము కొరకు త్రవ్వినవి కావు. 1832–33 నందన సంవత్సరమున గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చినది. జనములో మూడవ వంతుకు తక్కువ కాకుండ నశించిరని చరిత్రకారులు వ్రాసిరి. ఊళ్లకు ఊళ్లు పాడుపడినవి. ఆ కరువు పిదపనే కృష్ణకు ఆనకట్ట కావలెనను వాదము బలపడినది. 1852లో బెజవాడ వద్ద పని ఆరంభమై 1855లో ముగిసినది. కాటన్ దొర పథకమున కెప్టెన్ ఓర్ ఆ పని నడిపించెను. దాని తరువాతనే పశ్చిమ డెల్టా కాలువలు మన పొలములకు ప్రాకినవి. 1957లో ఆ పాత ఆనకట్ట స్థానమున ప్రకాశం బ్యారేజీ వచ్చినది. కావున తెనాలి కాలువగట్టున నిలిచి ప్యారిసును తలచుకొనువారు నందన కరువును కూడ తలచుకొనవలెను. ఆకలిచే చచ్చినవారి పేర ఆ నీరు మనకు వచ్చినది.

నీరు వచ్చిన పిదప వరి వచ్చినది. వరితో డబ్బు వచ్చినది. డబ్బుతో నాటకము వచ్చినది. తెనాలిలోని శ్రీరామవిలాస సభ నాటకములు చూచుటకు చుట్టుప్రక్కల ఊళ్లనుండి బండ్లు కట్టుకొని వచ్చెడివారు. ఆ సభలో సత్యభామగా రంగమెక్కి తెలుగుదేశమును మోహింపజేసిన స్థానం నరసింహారావు గారు (1902–1971) బాపట్లలో పుట్టినవారు. పురుషుడై పుట్టి స్త్రీపాత్రలలో ఆంధ్రదేశమంతట పేరు గాంచి, 1956లో పద్మశ్రీ పొందిరి. తెర రాకముందు మనకు రంగస్థలమే తెర. అక్కడ చూచినది సత్యభామయే గాని నరసింహారావు గారు కారని ప్రేక్షకుడు నమ్మెను. కల్పితమును నిజముగా కైకొను అభ్యాసము మనకు అప్పుడే కలిగినది.

ఆ అభ్యాసమును చక్కగా ఎరిగినవారు ఆలూరి చక్రపాణి గారు. తెనాలి ఐతానగరమున 1908లో పుట్టిరి. అసలు పేరు వెంకటసుబ్బారావు. బెంగాలీ నేర్చుకొని శరత్‌బాబు నవలలను తెలుగు చేసిరి. తరువాత మద్రాసు చేరి నాగిరెడ్డి గారితో కూడి 1947లో "చందమామ"ను, పిమ్మట విజయా చిత్రములను మనకిచ్చిరి. 1955లో వచ్చిన "మిస్సమ్మ" చూడనివారు మన సభ్యులలో అరుదు. అందలి ఊరు అప్పాపురము. దయగల జమీందారు, ఒక బడి, వెన్నెలలో తోట. ఆ అప్పాపురము ఎక్కడిది? కథకు మూలము ఒక బెంగాలీ నాటకము, ఇండ్లు కట్టినది మద్రాసు స్టూడియోలో, కట్టించినది తెనాలివారు. మేబెరీకి కాలిఫోర్నియా వలె, మాల్గుడికి ఆగుంబె వలె, అప్పాపురమునకు వడపళని. అయినను చక్రపాణి గారు పచ్చి అబద్ధము చెప్పలేదు. ఆ కథ నడచుటకు కారణము నిరుద్యోగము. ఉద్యోగము కొరకు భార్యాభర్తలమని బొంకవలసి వచ్చిన ఇద్దరు చదువుకొన్నవారి కథ అది. మనము వెన్నెలను గుర్తుంచుకొంటిమి, నిరుద్యోగమును మరచితిమి.

అదే తెనాలిలో 1909లో మరియొకరు పుట్టిరి. వారు కొడవటిగంటి కుటుంబరావు గారు. చిన్న పట్టణపు మధ్యతరగతి ఇంటిని ఆయన వలె నిర్మొగమాటముగా చూచిన తెలుగు కథకులు అరుదు. కట్నములు, చాటుమాటు అసూయలు, విధవల దురవస్థ, ఎందులకో తెలియని చదువులు: ఇవి ఆయన వస్తువులు. "చదువు" నవల నాటి పట్టణ జీవితమును, స్వాతంత్ర్యోద్యమ కాలమును ఒక బాలుని పెంపకముతో కలిపి చూపును. అందులో పాత రోజులు బంగారమని ఎక్కడను అనిపింపదు. విచిత్రమేమనగా, 1952 నుండి 1980లో మరణించు వరకు ఈ కుటుంబరావు గారే చక్రపాణి గారి "చందమామ"లో పనిచేసిరి. పిల్లలకు రాజుల కథలు, పెద్దలకు ఇంటి నిజములు. తీయని ఊరిని కట్టినవారును, ఉన్న ఊరిని ఉన్నట్లు చూపినవారును ఒకే పట్టణపు బిడ్డలై, ఒకే కార్యాలయపు నీడను పనిచేసిరి. ఒకరి పుస్తకములు బీరువాలో ఉంచి, మరియొకరివి తీసివేసిన గ్రంథాలయము సగము గ్రంథాలయమే.

తెనాలిని గూర్చి దేశమునకు తెలిసినది మరియొక విధముగను వింతగా ఉన్నది. 1990లో దూరదర్శనులో "తెనాలి రామ" వచ్చినది. 2017 నుండి 2020 వరకు అదే పేరున మరియొక హిందీ ధారావాహిక నడచినది. ఊరి పేరు ఇంటింట మ్రోగినది. కాని ఆ కథ జరుగునది విజయనగర రాజసభలో. తెనాలి వీధి అందులో ఉండదు. అట్లే తెనాలివారు మరువరాని తేది ఒకటి ఏ వినోద చిత్రములోను కనబడదు: 1942 ఆగస్టు 12. "క్విట్ ఇండియా" పిలుపు వచ్చిన నాలుగవ నాడు. ఆనాడు పోలీసులు కాల్చగా ఏడుగురు నేలకొరిగిరి. రణరంగ చౌకులోని ఏడు స్తంభములు వారికి గుర్తు. తెరమీది చిన్న ఊరిలో చరిత్ర జరుగదు. అది పట్టణములలో, రాజధానులలో జరుగును. నేలమీది చిన్న ఊరిలో చరిత్ర బజారులోనే జరిగినది.

బాపట్ల కూడ అట్టిదే. భావనారాయణస్వామి పేర వెలసిన ప్రాచీన పట్టణము. 1913 మే 26న ప్రథమాంధ్ర మహాసభ అచ్చట సమావేశమైనది. బయ్యా నరసింహేశ్వర శర్మ గారు అధ్యక్షులు. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము కావలెనను తలంపు ఆ సభలో చర్చకు వచ్చినది. అప్పటికి ఆంధ్రరాష్ట్రము పటములో లేదు. ఉన్నది తలంపులో మాత్రమే. నలుబదియేండ్లకు, 1953 అక్టోబరు 1న, అది పటములోనికి వచ్చినది. ఇదియు ఒక రెండవ ఊరే! కాని దీనికిని తెరమీది ఊరికిని గొప్ప భేదము ఉన్నది. తెరమీది ఊరు వెనుకకు చూచి నిట్టూర్చుమనును. బాపట్ల సభవారు కన్న కల ముందుకు నడువుమనెను. కల కనుట తప్పుకాదు. అది ఏ దిక్కునకు చూపు తిప్పునో చూచుకొనవలెను. 1945లో అదే పట్టణమున వ్యవసాయ కళాశాల వెలసి, రైతుబిడ్డలకు నేల శాస్త్రము నేర్పినది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రమైనది. రేపల్లె ఆ జిల్లాలో చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండినది.

బాపట్లకు సూర్యలంక సముద్రతీరము దగ్గర. సెలవులలో జనము వచ్చి అలలు చూచి సంతోషింతురు. ఆ అలలే 1977 నవంబరు 19న ఏమి చేసెనో ఏబదియేండ్లు దాటినవారందరు ఎరుగుదురు. ఆ ఉప్పెనలో దివిసీమలోను, మన తీరమునను కలిసి పదివేలమందికి తక్కువ గాక మరణించిరని ప్రభుత్వ లెక్క. గడ్డి ఇండ్లు, పాలెములు ముందు కొట్టుకొనిపోయినవి. మేడలు చాలవరకు నిలిచినవి. ప్రకృతి అందరిని సమానముగా చూచునందురు. కాని గోడ గట్టిదో కాదో అను భేదమును మనుష్యుడే చేసియుండెను.

ఇచ్చట మనము అన్నింటికంటె కష్టమైన సంగతికి వచ్చుచున్నాము. తెరమీది ఊరిలో ఎవరున్నారు అని గాక, ఎవరు లేరు అని అడుగవలెను. అందులో మునసబు ఉన్నాడు, పురోహితుడు ఉన్నాడు, బడిపంతులు ఉన్నాడు, హాస్యమునకొక నౌకరు ఉన్నాడు. పొలిమేర కావలి పల్లెలో కాపురముండి, ఆ ఊరి వరినంతయు నాటి, కోసి, నూర్చినవారు లేరు. ఉన్నను వెనుక వరుసలో, మాటలేక ఉన్నారు.

1985 జులై 17న చీరాల సమీపమందలి కారంచేడులో దళితులపై దాడి జరిగి ఆరుగురు మరణించిరి. ఆరేండ్ల తరువాత, 1991 ఆగస్టు 6న, తెనాలికి కొద్ది మైళ్లలో, బాపట్ల పోవు రైలుదారిపైనే ఉన్న చుండూరులో ఎనిమిదిమంది దళితులు వధింపబడిరి. కొందరి శవములు మురుగు కాలువలో దొరికినవి. మిగిలినవారు అనేకులు తెనాలికి వచ్చి తలదాచుకొనిరి. ఆ తగవునకు మొదలు ఎక్కడో తలచుకొన్న మనస్సు కలతపడును. జులై నెలలో ఒక సినిమా హాలులో దళిత యువకుని కాలు ముందు కూర్చున్న అగ్రకులస్థునికి తగిలినదట. తెరమీద ఏ చిత్రము ఆడుచుండెనో గాని, తెర క్రింద కుర్చీలలో ఆడినది ఇది. ఆ హాలులో అందరు ఒకే తెరను చూచుచుండిరి. ఒకే ఊరిలో మాత్రము లేరు. నేర విచారణకై ప్రత్యేక న్యాయస్థానము చుండూరులోనే ఏర్పడినది. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఒక్కొక్క యేడు శిక్ష పడినవి. 2014లో ఉన్నత న్యాయస్థానము వారినందరిని నిర్దోషులనెను. ఈ తేదీలు గూడ మన ప్రాంత చరిత్రయే. కాలువలను పొగడునపుడు వీటిని విడిచినచో, మనము వ్రాయునది చరిత్ర కాదు, అలంకారము.

అయినచో పాత ఊరిని ప్రేమించుట మానవలెనా? మానవలెనని నేననను. ఆ ప్రేమలో నిజము ఒకటి ఉన్నది. పండుగనాడు పంచుకొన్న అరిసె, కాలువలో నేర్చిన ఈత, నాటకము చూచి తెల్లవారుజామున నడచి వచ్చిన దారి: ఇవి అబద్ధములు కావు. అయితే ఒకరికి తీపిగా ఉన్న దినమే మరియొకరికి చేదుగా ఉండవచ్చును. ఏ బావి చుట్టు ఒకరి బాల్యము ఆడుకొన్నదో, ఆ బావి చేద ముట్టరాదని మరియొకరి బాల్యము నేర్చుకొన్నది. రెండు జ్ఞాపకములును ఒకే పుస్తకములో వ్రాసినపుడే అది ఊరి పుస్తకమగును.

ఈ పని చేయదగిన సంస్థ గ్రంథాలయము. ఈ మాట ఊరక అనుటలేదు. మన ప్రాంతపు చరిత్రయే చెప్పుచున్నది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ప్రాణము. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. ఇప్పుడది బాపట్ల జిల్లాలోనిదే. 1929లో గాంధీ మహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. పాత పత్రికలను పారవేయక దాచుటచేత నేటికిని పరిశోధకులు అచ్చటికి వెళ్లుచున్నారు. ఇక తెనాలి ప్రాంతమునకు ప్రత్యేక గౌరవము: 1935లో పాతూరి నాగభూషణము గారు పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువలో పడవ గ్రంథాలయము నడిపించిరి. రోడ్లు సరిగా లేని ఆ దినములలో పుస్తకములు పడవనెక్కి రేవు రేవునకు పోయినవి. రేవున నిలిచినవారు ఎక్కి పుస్తకము తీసికొనెడివారు. ప్యారిసు పోలికకంటె మన కాలువలకు ఇది మిన్నయైన కీర్తి. సేను నది ఒడ్డున పాత పుస్తకముల అంగళ్లు కలవు. మన కాలువమీద పుస్తకములే ప్రయాణము చేసినవి.

పడవ గ్రంథాలయపు ధర్మము ఏది? పాఠకుడు వచ్చువరకు వేచియుండక, పాఠకుని యొద్దకు పోవుట. జ్ఞాపకము విషయములోను మనకు అదే ధర్మము కావలెను. నేడు ప్రతివాని చేతిలోను సెల్‌ఫోను ఉన్నది. పాత వీధుల ఛాయాచిత్రములు, మూతపడిన సినిమా హాళ్ల బొమ్మలు దేశదేశములలోని మనవారి నడుమ ప్రతిదినము తిరుగుచున్నవి. మంచిదే. కాని ఛాయాచిత్రము తీయించుకొనగల స్తోమత ఆనాడు కొద్ది ఇండ్లవారికే ఉండెను. బొమ్మ లేనివారి ఊరు మాటలలోనే ఉన్నది. ఆ మాట చెప్పగల వృద్ధులు ఏటేట తగ్గుచున్నారు. 1977 నాటికి ఇరువదియేండ్లున్నవారు నేడు డెబ్బదికి చేరువలోనో, దాటియో ఉన్నారు. వారు పోయిన తరువాత మనకు మిగులునది తెరమీది ఊరే.

కావున కార్యవర్గమునకును, సభ్యులకును నాదొక విన్నపము. ఈ రజతోత్సవము ముగిసిన మరుసటి నెలనుండి మన గ్రంథాలయమున "ఊరి పుస్తకము" అను పెద్ద దస్తా పుస్తకము ఒకటి ఉంచుదము. పడవ వలె అది ప్రతి వాడకును పోవలెను. పల్లెకును, పాలెమునకును, చేనేతవారి వీధికిని, మేడలకును పోవలెను. వ్రాయలేనివారు చెప్పగా చదువుకొన్న పిల్లలు వ్రాయవలెను. ఉప్పెన రాత్రి ఎక్కడ తలదాచుకొంటిరి? మొదటి విద్యుద్దీపము ఏ ఇంట వెలిగినది, మీ ఇంటికి ఎన్నేండ్లకు వచ్చినది? ఏ బావి నీరు త్రాగితిరి, ఏది త్రాగనీయలేదు? నాట్లకు కూలి ఎన్ని మానికలు? బడి ఎందుకు మానితిరి? ఏ నాటకము, ఏ సినిమా మొదట చూచితిరి, ఎక్కడ కూర్చుండి చూచితిరి? ఇట్టి ప్రశ్నలు చాలును. జవాబులు ఒకదానితో ఒకటి పొసగకపోవచ్చును. పొసగకున్నను రెంటిని వ్రాయవలెను, వ్రాసినవారి వాడ పేరు ప్రక్కన వేయవలెను.

ఆ పుస్తకము తీయగా ఉండదు, పూర్తిగా చేదుగాను ఉండదు. దానిని చదివి మురియువారును, తల వంచుకొనువారును ఉందురు. స్వర్ణోత్సవ సంచికకు వ్యాసములు వ్రాయువారు అప్పుడు సినిమాలను, సీరియళ్లను వెదకుకొననక్కరలేదు. మన బీరువా తెరచి చూచుకొందురు. మొదటి పుట ఎవరు వ్రాయుదురో సభ్యులు నిర్ణయింపగోరుచున్నాను. నా మనవి మాత్రము, అది ఊరి చివరనున్న ఇంటినుండి ఆరంభము కావలెనని.